ఎర్రబడని పసుపు

కూతురి వీపుకు చెవి ఆనించి సువార్త ఊపిరి బిగబట్టింది.

ఉంది. మూత సరిగ్గా పడని కుక్కర్లోంచి ఆవిరి తప్పించుకుంటున్నట్టు, సన్నగా, ఆగి ఆగి, కరుణశ్రీ ఛాతీలో ఈల మోగుతోంది.

"ఇంకా మోగుతున్నదా అమ్మా?" అడిగింది తొమ్మిదేళ్ల పిల్ల. మాటకూ మాటకూ మధ్య ఒక గుక్క గాలి కావలసి వస్తోంది దానికి.

"లేదు బిడ్డా. తక్కువైంది," అని అబద్ధమాడి సువార్త లేచింది. పసుపు మిల్లు నుంచి వచ్చి పది నిమిషాలు కాలేదు. ఒంటిమీద పని చీర అలాగే ఉంది.

అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. మోర్తాడ్ ఊరి సల్మాన్ ఒక పెద్ద అట్టపెట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని లోపలికి వచ్చాడు. సువార్త మొగుడు స్వామీ అతనూ దుబాయిలో ఒకే గదిలో ఉంటారు. సల్మాన్ నెల సెలవు మీద నిన్ననే దిగాడు.

"వదినా, స్వామన్న పంపిండు. పైలంగ తెచ్చిన, ఒక్క గీత గూడ వడలే," అంటూ పెట్టెకు కట్టిన తాడు కోశాడు. లోపల తెల్లటి యంత్రం, చిన్న బీరువాలా ఉంది. "స్వామన్న పనిజేసే బంగ్లాల మేడమ్ కొత్తది కొన్నది. పాతది అన్నకిచ్చింది. ఆళ్ల పిల్లకు గూడ గిదే బీమారి. గీ మెషిను పెట్టినంక ఆ పోరి మస్తు దౌడు తీస్తున్నదట. గాలిని కడుగుతది."

గడప దగ్గర కూర్చుని ఆకుకు సున్నం రాస్తున్న ఆశమ్మ తలెత్తింది. స్వామి తల్లి. "బట్టలుతికే మిషిను సూసిన. గాలినుతికే మిషిను నేడే సూస్తున్న. ఆరేసుడెక్కడ మరి, దండెం మీదనా?"

కరుణశ్రీ నవ్వబోయి దగ్గింది.

సల్మాన్ దుబాయి ప్లగ్గుకు వేరే పిన్ను తగిలించి స్విచ్ వేశాడు. యంత్రం సన్నగా గుర్రుమంది. ముఖాన చిన్న నీలం దీపం వెలిగింది. "నీలం ఉన్నదంటే గాలి మంచిగున్నట్టు. ఎర్రగైతే ఖరాబున్నట్టు. లోపల జల్లెడ లెక్క జాలి ఉంటది, వారానికోసారి కడగాలె. గంతే."

సువార్త ఆ దీపాన్ని దగ్గరగా చూడాలని వచ్చి మంచం పక్కన కూర్చుంది.

దీపం ఎర్రబడింది. యంత్రం ఒక్కసారిగా రొద పెట్టింది.

"అరె!" అన్నాడు సల్మాన్. యంత్రం మీద తట్టాడు. స్విచ్ ఆపి వేశాడు. ఎరుపే. ఏం తోచిందో, "వదినా, నువ్వు జర బయటికి పో," అన్నాడు.

సువార్త వాకిట్లోకి వెళ్లింది. లోపల రొద తగ్గింది. కిటికీలోంచి చూస్తే నీలం.

మళ్లీ లోపలికి వచ్చింది. ఎరుపు.

"నా కొడుకు దుబాయిల ఉండి గూడ నీ మీద జాసూసును పెట్టిండు సూడు," అంది ఆశమ్మ. అందరూ నవ్వారు, సువార్త తప్ప. ఆమె తన కొంగు వైపు చూసుకుంటోంది. ముక్కుపొడి కన్నా మెత్తటి పొడి నేత పోగుల మధ్య ఇరుక్కుని, కదిలినప్పుడల్లా దీపం వెలుతురులోకి లేస్తోంది. పసుప్పచ్చగా.

ఆమె పెరట్లోకి పోయి తలమీంచి నీళ్లు పోసుకుంది. చీర మార్చి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టి, గడప దాటి ఒక్కో అడుగే వేసింది. మంచం దాకా వచ్చింది. పిల్లను తాకింది.

నీలం.

సల్మాన్ చాయ్ తాగి వెళ్లిపోయాడు. సువార్త మాత్రం గోడకు చేరగిలబడి అలాగే కూర్చుంది. మిల్లు నుంచి రాగానే, చేతులైనా కడుక్కోకుండా, పిల్లను ఒళ్లోకి లాక్కోవడం ఆమెకు అలవాటు. పొద్దంతా దాని కోసమే ఆగేది. పిల్ల తన ముఖాన్ని ఆ కొంగులోనే దాచుకునేది.

ఎన్ని సాయంత్రాలు? రెండు సీజన్లవి.

మర్నాడు శుక్రవారం. మార్చి నెల, మార్కెట్ యార్డుకు పసుపు ముంచెత్తే రోజులు. పెర్కిట్ వైపు రోడ్డు మీద బండ్లు రాత్రి నుంచే బారులు తీరి ఉన్నాయి.

గంగాదాస్ సేట్ మిల్లులో నాలుగు పాలిష్ డ్రమ్ములున్నాయి. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములు మట్టిరంగులో, ముడతలు పడి వస్తాయి. ఆడవాళ్లు గంపలతో డ్రమ్ములోకి పోస్తారు. తలుపు బిగిస్తారు. మోటారు తిరుగుతుంటే కొమ్ములు ఒకదాన్నొకటి రాచుకుని, పైపొట్టు జల్లెడ కన్నాల్లోంచి కింద రాలుతుంది. చివర్లో పనివాళ్ల మీద అజమాయిషీ చేసే ముకద్దమ్ ఎర్రన్న వస్తాడు. చేతిలోని డబ్బాలోంచి మెరుపు పొడి రెండు గుప్పిళ్లు లోపలికి చల్లి, తలుపు మూసి, ఇంకో పది చుట్లు తిప్పిస్తాడు. ఆ తర్వాత తలుపు తెరవడం సువార్త పని.

తెరిచినప్పుడల్లా మేఘం లేచేది. ఆమె కళ్లు మూసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆ మేఘంలో నిలబడి కొమ్ముల్ని సంచిలోకి లాగేది. బయటికొచ్చిన కొమ్ములు బంగారపు వేళ్లలా ఉండేవి. వాటిని చూసి సువార్త లోలోపల గర్వపడేది కూడా.

ఆరోజు మొదటిసారి ఆమె ఆ మేఘాన్ని చూసి భయపడింది.

"ఎర్రన్నా, మూతికి కట్టుకునే గుడ్డలు తెప్పియ్యరాదే సేట్‌తోని?"

ఎర్రన్న నడి వయసు మనిషి. రెండు చేతులూ మణికట్ల దాకా పసుప్పచ్చగా ఉంటాయి. కడిగినా పోవు. "పసుపు దగ్గర మూతికి గుడ్డ కట్టుకునేటోళ్లను నిన్నే సూస్తున్న సువార్తా. పెండ్లిల మొకానికి పూస్తరు, పుండు మీద పెడ్తరు. నీకేమో పసుపు వాసన తగులొద్దంటవు. ఏం, దొరసానివా?"

పక్కనే గంప దించుతున్న గంగామణి కిసుక్కున నవ్వింది. అరవైకి దగ్గర పడిన మనిషి, మిల్లులో అందరికన్నా పాత చెయ్యి. "దాని మొగడు దుబాయి గాలి పంపిండట. మన గాలి దానికి పడుతలేదు!"

సాయంత్రం గేటు దగ్గర మామూలు తంతు. ఆడవాళ్లంతా వరసగా నిలబడి, ఒక్కొక్కరే ఎర్రన్న ముందు కొంగు విప్పి దులపాలి. కొమ్ము గాని, పొడి గాని ఎవరూ దాచుకుపోకుండా అది సేట్ పెట్టిన కట్టుబాటు. ఇరవై కొంగులు దులిపేసరికి గేటు ముందు గాలి పసుప్పచ్చగా మసకబారేది. తన వంతు వచ్చినప్పుడు సువార్త ఊపిరి ఆపి దులిపింది.

శనివారం మాత్రం గేటు దగ్గర ఎర్రన్న చెయ్యి తీసుకోవడానికి కాక ఇవ్వడానికి చాచేవాడు. విరిగిన కొమ్ముముక్కలు మనిషికో గుప్పెడు. సేట్ పుణ్యానికి ఇచ్చే నూకలు. వాటిని ఇళ్లల్లో దంచి కూరల్లో వేసేవాళ్లు. బాలింతలకు పాలల్లో కలిపి పెట్టేవాళ్లు.

ఆ శనివారం సువార్త తన గుప్పెడులోంచి బాగా మెరిసే ముక్కల్ని ఏరుకుని, పిల్ల కోసమని వేరే ముడి వేసుకుంది.

ఏడింటికి కరెంటు పోయింది.

యంత్రం రొద ఆగిపోయాక ఇల్లు చెవులు మూసుకున్నట్టయింది. నీలం దీపం లేదు. ఆ నిశ్శబ్దంలో ఈల ఒక్కటే మిగిలింది, నిన్నటికన్నా గట్టిగా.

"కొమ్ము పొగ వడ్తే గాని దిగదు," అంది ఆశమ్మ. "మీ ఆయన చిన్నప్పుడు గూడ గట్లనే. నాలుగు పీల్పులు పీలిస్తే కఫం తెగుతది. మంచి కొమ్ము తే."

జలుబు చేస్తే పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చడం ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ కొత్త కాదు. సువార్తకు తన తల్లి పట్టింది. ఆమె ముడి విప్పి, అన్నిటికన్నా పచ్చగా మెరిసే ముక్కను అత్త చేతిలో పెట్టింది. ఆశమ్మ నూనె దీపం మంట మీద కొస కాల్చి, ఊది, నిప్పు రాజుకోగానే పిల్ల ముక్కు కింద పట్టింది.

"పీల్చు తల్లీ. గట్టిగ."

కరుణశ్రీ పీల్చింది.

దగ్గు రాలేదు. అదే సువార్తను భయపెట్టింది. పిల్ల నోరు తెరుచుకుంది, భుజాలు పైకి లేచాయి, మెడ దగ్గర గుంట లోపలికి పోయింది. గాలి లోపలికి పోతోంది గాని బయటికి రావడం లేదు. దీపం వెలుగులో దాని పెదాల రంగు మారుతోంది. అది తల్లి వైపు చూసింది. ఆ చూపులో ఏడుపు కూడా లేదు. ఏడవడానికి గాలి కావాలి.

"అత్తమ్మా, ఆర్పు! ఆర్పు దాన్ని!"

కొమ్మును నేలకేసి కొట్టి, పిల్లను భుజాన వేసుకుని సువార్త చీకట్లోకి పరుగెత్తింది. చెప్పులు లేవు. సందు చివర ఆటో దొరికేదాకా ఆమె ఒక్కటే లెక్కపెట్టింది, భుజం మీద పిల్ల వీపు ఎన్నిసార్లు లేస్తోందో. ఒకటి. రెండు. మూడు రావడానికి ఆలస్యమైంది. మూడు.

బస్టాండు దగ్గర డాక్టరమ్మ దవాఖానలో జనరేటర్ ఉంది. పిల్ల ముఖానికి ప్లాస్టిక్ మూతి తగిలించి, మందు ఆవిరి పెట్టారు. ఇరవై నిమిషాలకు పెదాలు మళ్లీ ఎర్రబడ్డాయి.

డాక్టరమ్మ అన్నీ అడిగింది. పొగ సంగతి విని కళ్లు మూసుకుంది. మిల్లు సంగతి విని తెరిచింది.

"ఆ పని మానెయ్యమ్మా."

"మానితే బీడీలు చుట్టుడే గద మేడం. మాకు ఇంకేం పనున్నది?"

"తంబాకు దుమ్ము దీనికన్న ఘోరం." ఆమె కలం ఆపింది. "మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా పసుపు పడకపోవడం ఉందా?"

"లేదు మేడం. మా అత్త మడికట్లల్ల పసుపు ఉడకబెట్టినప్పుడు గిదే పిల్ల ఆ ఆవిర్లనే ఆడుకున్నది. అప్పుడు ఈల లేదు, ఏం లేదు."

"అయితే పసుపు ఒక్కటే కాదేమో. ఏం పీలుస్తోందో తెలియకుండా ఉత్త దుమ్ము అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. అక్కడ ఏం కలుపుతున్నారో ఒక్క చెంచా తీసుకురా. హైదరాబాదులో పరీక్ష చేయిస్తా. రిపోర్టు వస్తే నేనే పైకి రాస్తా." గొంతు తగ్గించింది. "ఇలాంటిది ఇంకోసారి వస్తే ఆటో దొరకకపోవచ్చు."

ఒక్క చెంచా. కొంగు దులపకుండా ఈగ కూడా దాటని గేటులోంచి.

ఆదివారం సువార్త చర్చికి పోలేదు. పిల్ల పడుకుని ఉంది. నీలం దీపం కింద దాని ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

దుబాయి నుంచి స్వామి ఫోను చేశాడు. సంగతంతా విన్నాడు. ఆ తర్వాత, చేతనైన సాయం అదొక్కటే అన్నట్టు, "జాలి కడిగినవా?" అన్నాడు.

"వారానికోసారి అన్నడు గద సల్మాన్."

"తీసి సూడు. ఈడ మేడమ్ ఇంట్ల నెలకు గాని మబ్బురంగు రాదు."

సువార్త యంత్రం ముఖం విప్పింది. జాలి బయటికి లాగింది. మూడు రోజులే అయింది. జాలి మబ్బురంగులో లేదు, పసుప్పచ్చగా ఉంది. మొదటి రోజు తప్ప పని చీర గదిలోకి తేకుండానే ఇది. దండెం మీంచి, జుట్టులోంచి, గోళ్లలోంచి వచ్చింది ఇంతా.

పెరట్లో కొళాయి కింద పెట్టి బట్టల సబ్బు రుద్దింది. నురగ వచ్చింది. ఇంకా రుద్దింది. చెయ్యి ఆగిపోయింది.

నురగ పసుప్పచ్చగానే ఉంది.

పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. అది పెళ్లి బట్టలు ఉతికిన ప్రతి ఆడమనిషికీ తెలుసు. మిల్లులో చేరిన కొత్తలో ఆమె పని చీర ఉతికినప్పుడల్లా బకెట్లో నీళ్లు ఎర్రగా, మాంసం కడిగినట్టు ఉండేవి. ఆశమ్మ విసుక్కునేది. రెండు సీజన్లుగా ఆ ఎరుపు కనిపించడం లేదు. సబ్బు మారింది కదా, కొత్త సబ్బు మంచిదనుకుంది. పోయిన నెలలో గంగామణికి ఆ సబ్బే కొనుక్కోమని సలహా కూడా చెప్పింది.

ఆమె తడి చేతులతో లోపలికి పరుగెత్తి ఆశమ్మ సున్నం డబ్బా లాక్కుంది.

"ఏందే, నువ్వు గూడ ఆకు నమలుడు షురూ జేసినవా?"

సువార్త అప్పటికే నేల మీదికి వంగింది. నిన్న నేలకేసి కొట్టిన కొమ్మును మూలలోంచి వెతికి తెచ్చింది. సున్నం తీసి దాని ఒంటికి పూసింది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. బంగారు రంగు కదల్లేదు. సువార్త కొమ్మును రెండుగా విరిచి, విరిగిన చోట సున్నం పెట్టింది. క్షణంలో అక్కడ ఎర్రటి నెత్తురు బొట్టు తేలినట్టయింది.

లోపల పసుపే. పైన పసుపు కాదు.

ఆశమ్మ నోట్లో ఆకు నమలడం ఆగిపోయింది. నలభై ఏళ్లు పసుపు పండించిన మనిషి. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసిన చేతులు అవి. ఆ చేతులతోనే నిన్న...

"నేనే పట్టిన గద," అంది మెల్లగా. "దాని ముక్కు కింద నేనే పట్టిన."

"తెచ్చింది నేను అత్తమ్మా. మెరిసేటిది ఏరి మరీ తెచ్చిన."

సోమవారం పొద్దున ఆశమ్మ తన సున్నం డబ్బాను కడిగి తుడిచి, ఖాళీ డబ్బాను కోడలి చేతిలో పెట్టింది.

డబ్బాను రవికలో దోపుకుని సువార్త రోజూలాగే గంపలు మోసింది. పదకొండింటికి ఎర్రన్న మెరుపు చల్లి, పొడి డబ్బాను మెట్టు మీద పెట్టి, మోటారు బెల్టు చూడ్డానికి వంగాడు. రెండు అడుగుల దూరం. సువార్త ఒకసారి అటూ ఇటూ చూసింది. గంప దించినట్టు వంగింది. సున్నం డబ్బాతో పొడిలో ఒక్క ముంచు ముంచింది. మూత నొక్కింది.

టిక్.

ఎర్రన్న తల తిప్పాడు. సువార్త చెయ్యి రవికలోంచి బయటికి వస్తోంది. ఇద్దరి చూపులూ కలిశాయి. అతను మళ్లీ బెల్టు వైపు వంగాడు. చూశాడా? చూడలేదా? ఆ తర్వాత ప్రతి గంపా ఆమెకు బండలా ఉంది.

మధ్యాహ్నం అన్నాల వేళ కబురొచ్చింది. "సువార్తను సేట్ పిలుస్తున్నడు."

సేట్ గది మిల్లు చివర, అద్దాల గది. సువార్త ఎప్పుడూ లోపలికి పోలేదు. పనివాళ్లెవరూ పోరు. తలుపు తీయగానే చల్లటి గాలి ముఖానికి తగిలింది. దానికి పసుపు వాసన లేదు. ఏ వాసనా లేదు.

ఆమె రెండడుగులు వేసింది. సేట్ కుర్చీ వెనక ఏదో రొద పెట్టింది.

ఆ రొద ఆమెకు తెలుసు.

మూలలో తెల్లటి యంత్రం. తన ఇంట్లోదానికన్నా పెద్దది. ముఖాన దీపం, ఆమె చూస్తుండగానే, నీలం నుంచి ఎరుపుకు మారింది. గంగాదాస్ సేట్ చెయ్యి, ఎన్నో ఏళ్ల అలవాటులా, జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు పెట్టుకుంది.

సువార్తకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. డ్రమ్ము తెరిచే వేళకు సేట్ ఎన్నడూ బయటికి రాడు. నూకలు ఇప్పించడమే గాని ఇంటికి తీసుకుపోడు. సేట్ ఇంటికి పసుపు వేరే పొలం నుంచి, వేరే సంచిలో, మట్టిరంగులోనే పోతుంది.

"పిల్లకు బాగలేదట?" అన్నాడు సేట్ రుమాలు వెనకనుంచి. "ఆర్నెల్లు ఇంటికాడ ఉండి సూసుకో. మళ్ల సీజన్‌కు సూద్దాం. గా డబ్బా ఇట్లియ్యి."

"ఏ డబ్బా సేట్?"

"నన్ను ఆడోళ్ల ఒంటి మీద చెయ్యి ఎయ్యమంటవా? గంగామణిని పిలవాల్నా?"

సువార్త డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. సేట్ దాన్ని కాగితంలో పట్టుకుని, వేళ్లకు తగలకుండా, కిటికీ తెరిచి బయటి కాలవలోకి గుమ్మరించాడు. కిటికీ మూశాడు. యంత్రం ఇంకా అరుస్తోంది.

"సేట్," అంది సువార్త. "మీ పిల్లలకు గూడ ఈలొస్తదా?"

అతను తలుపు వైపు రుమాలుతో సైగ చేశాడు, ఈగను తోలినట్టు. "ఎర్రన్నా, దీన్ని మంచిగ దులిపి పంపు. గోరంత పొడి గూడ గేటు దాటొద్దు."

గేటు దగ్గర అన్నాలు తింటున్న ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఎర్రన్న ఎండలో నిలబడి ఉన్నాడు. "కొంగు," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

సువార్త కొంగు విప్పింది. దులిపింది. ఆ తర్వాత గంగామణి వైపు చెయ్యి చాచింది. "అవ్వా, నీ ఆకుల సున్నం జరంత ఇయ్యి."

"గిప్పుడా? ఏడుపొస్తలేదా నీకు?" అంటూనే గంగామణి ఆకు మీంచి సున్నం గీకి ఇచ్చింది.

సువార్త ఎర్రన్న చెయ్యి పట్టుకుంది. ఎండలో, అందరి ముందూ. అతను లాక్కోబోయేంతలో ఆ పసుప్పచ్చటి అరచేతిలో సున్నం రుద్దేసింది. "ఎన్నేండ్ల పసుపు అన్నా ఇది? డాక్టరమ్మ పరీక్షకు అడిగింది గీ పొడినే. సూడు. ఎర్రవడ్తదేమో సూడు."

ఎవరూ కదల్లేదు. అరచేతి గీతల్లో సన్నగా ఎరుపు తేలింది, దారప్పోగుల్లా. మిగతా చెయ్యంతా పసుప్పచ్చగానే ఉంది.

"సేట్ అది పసుపు సత్తు అన్నడు," గొణిగాడు ఎర్రన్న. "వట్టి పసుపు నుంచి తీస్తరన్నడు..." అంతలోనే అద్దాల గది వైపు చూసి, చెయ్యి విదిలించుకుని గట్టిగా అరిచాడు. "నడువు! మళ్ల గీ గేటు తొక్కినవంటే కాళ్లిరగ్గొడ్త!"

గేటు మూసుకుంది. ఇనుప కడ్డీల వెనక గంగామణి తన కొంగు ముడి విప్పడం సువార్తకు కనిపించింది. ఇంకా దంచని శనివారపు నూకలు రాలి మట్టిలో పడ్డాయి. ముసలామె వాటిని కాలితో మట్టిలోకి నొక్కుతోంది.

ఇంటికొచ్చి సువార్త పెరట్లోనే స్నానం చేసింది. పని చీరను ఉతకలేదు. కట్టెతో ఎత్తి తీసుకుపోయి దూరంగా పెంటకుప్పలో పడేసింది. అత్తకు జరిగింది చెప్పింది. చెంచాడు పొడి కూడా మిగల్లేదని చెప్పింది. డాక్టరమ్మకు చూపించడానికి ఏమీ లేదు. నోటిమాట తప్ప. పని కూడా లేదు.

"సేట్ మనుషులు ఇంటికొస్తరా?" అంది ఆశమ్మ.

"ఏమో."

పొద్దు వాలుతుండగా వాకిట్లో సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది. సువార్త పిల్లను లోపలి గదిలోకి తోసి గొళ్లెం పెట్టింది. ఆశమ్మ రోకలి అందుకుంది.

"నేనే," అంది బయటి గొంతు. "ఎర్రన్నను."

అతను వాకిట్లో, గడపకు చాలా దూరంలో నిలబడ్డాడు. తల మీద తువ్వాలు తలపాగాలా చుట్టి ఉంది. అరచేతిని తొడకు అదేపనిగా రాస్తున్నాడు.

"లోపలికి రా," అంది సువార్త, రమ్మనాలని లేకపోయినా.

"రాను. నీ బిడ్డ మిషిను ఎర్రవడ్తది." చూపు తన అరచేతి మీదే ఉంది. "నా కోడలు బాలింత. ఇరవై దినాలైంది. శనారం శనారం నూకలు దంచి పాలల్ల వెడ్తున్నం. మనుమడు రాత్రంత ఏడుస్తడు. పసిపోరడు గద, ఏడుస్తడు తియ్యి అనుకున్న."

సువార్త గడప మీదికి వచ్చింది.

ఎర్రన్న తలపాగా విప్పాడు. మడతల మధ్యనుంచి మందపాటి ప్లాస్టిక్ సంచి ఒకటి బయటికొచ్చింది. పిడికెడు కాదు, శేరుకు తక్కువ కాదు. మూతి దారంతో నాలుగు చుట్లు కట్టి ఉంది. దాన్ని వంగి, గడప మీద కాకుండా, వాకిలి మధ్యలో నేల మీద పెట్టాడు.

"డాక్టరమ్మకు ఇయ్యి. సంచి మీద అచ్చు గూడ ఉన్నది, సింపలేదు. ఎవలు తెచ్చిండ్రంటే నా పేరే చెప్పు."

"గేటు దగ్గర..." అంది సువార్త. మాట పూర్తి కాలేదు.

ఎర్రన్న మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. నవ్వడానికి ప్రయత్నించాడు గాని అది నవ్వు కాలేదు.

"గేటు దగ్గర నన్నెవలు దులుపుతరు? దులిపేటోన్ని నేనే గద."

తువ్వాలు భుజాన వేసుకోబోయి, ఆగి, దాన్ని ఉండలా చుట్టి సైకిల్ క్యారియర్‌కు కట్టుకుని వెళ్లిపోయాడు.

సైకిల్ మలుపు తిరిగేలోపే కరెంటు పోయింది. లోపలి గదిలో యంత్రం రొద ఆగింది. సువార్త తడుముకుంటూ పోయి గొళ్లెం తీసింది. నీలం లేదు, ఎరుపు లేదు. చీకట్లో కరుణశ్రీ బోర్లా పడుకుని ఉంది.

సువార్త వంగి దాని వీపుకు చెవి ఆనించింది.

ఈల ఉంది. నిన్నటికన్నా సన్నగా ఉంది. ఆమె ఈసారి అబద్ధమాడటానికి తొందరపడలేదు. ఇంకొంచెం వింది.

"మోగుతున్నదా అమ్మా?"

"మోగుతున్నది బిడ్డా," అంది సువార్త. "పొద్దున డాక్టరమ్మకు గూడ వినిపిద్దాం."